ఆర్కే బీచ్ సూర్యోదయం, 65,536 రంగులు: చిన్న తెర మీద ఆకాశం చారలు పడకుండా చూపించడం

విశాఖ ఆర్కే బీచ్‌లో తెల్లవారుజామున తీసిన ఫొటో ఒకటి తీసుకోండి. ఎదురుగా సముద్రం, కుడి చివర నల్లటి గీతలా డాల్ఫిన్స్ నోస్ కొండ, పైన నారింజ నుంచి లేత నీలంలోకి మెల్లగా కరిగే ఆకాశం. ఫోన్‌లో నిండుగా కనిపించే ఈ బొమ్మను, కాలేజీ ప్రాజెక్టులకు కొనే 2.8 అంగుళాల టీఎఫ్‌టీ తెర మీద వేయగానే ఆకాశం చారలు చారలుగా విడిపోతుంది. కొండ, ఇసుక, జనం బాగానే ఉంటారు. బండారం బయటపెట్టేది ఆకాశమే. అందుకే ఏ తెరనైనా ఆకాశం ఉన్న ఫొటోతోనే పరీక్షించండి. పూల ఫొటో పెట్టి ‘బాగానే వస్తోందిగా’ అనుకుంటే మోసపోతారు.

కారణం చిన్న లెక్క. ఫోన్ ఫొటోలో ఒక్కో పిక్సెల్‌కు 24 బిట్లు: ఎరుపు, ఆకుపచ్చ, నీలాలకు 8 చొప్పున. మొత్తం 1,67,77,216 రంగులు. ఐఎల్ఐ 9341 అనే నడిపే చిప్ ఉన్న 240×320 తెరకు మామూలుగా పంపేది 16 బిట్లే: ఎరుపుకు 5, ఆకుపచ్చకు 6, నీలానికి 5 (దీన్నే 565 అంటారు). అంటే 32 × 64 × 32, మొత్తం 65,536. వెలుతురులో తేడాను కన్ను ఎక్కువగా పట్టేది ఆకుపచ్చలోనే కాబట్టి దానికి ఒక బిట్ ఎక్కువ.

65 వేలు తక్కువేం కాదు అనిపిస్తుంది. కానీ అందులో ఆకాశానికి దక్కేవెన్ని? ఆకాశం 180 వరుసల ఎత్తు ఉండి, పైనుంచి కిందికి నీలం విలువ 176 నుంచి 96కు దిగుతోందనుకోండి. 80 మెట్లు. 5 బిట్లలో ఒక మెట్టు అసలు 8 మెట్లకు సమానం, కాబట్టి మిగిలేవి 10. ఒక్కో చార 18 వరుసలు. ఆ తెర మీద పిక్సెల్ సైజు 0.18 మిల్లీమీటర్లు కాబట్టి చార వెడల్పు 3 మిల్లీమీటర్ల పైమాటే. కనపడకుండా ఎలా ఉంటుంది? పైగా ఆకుపచ్చ 4 విలువలకోసారి మెట్టు మారుతుంది, ఎరుపు, నీలాలు 8కి మారతాయి. అందువల్ల మబ్బు బూడిద రంగులో ఒక చార కాస్త పచ్చగా, పక్కది కాస్త గులాబీగా కనిపిస్తుంది. తెర పాడైందని డాబాగార్డెన్స్ షాపుకి తిరిగి పట్టుకెళ్లనక్కర్లేదు.

పోయే బిట్లు ఎలాగూ పోతాయి. ఆ తప్పు ఏ పిక్సెల్ మీద పడాలన్నదే మన చేతిలో ఉంది.

ముందు తెర సంగతి తేల్చుకోండి

ఫొటో వేయడానికి ముందు మూడు గళ్లు గీయండి: 63488 (నిండు ఎరుపు), 2016 (నిండు ఆకుపచ్చ), 31 (నిండు నీలం). వచ్చేదాన్ని బట్టి జబ్బేమిటో తెలిసిపోతుంది.

ఎరుపు గడి నీలంగా, నీలం గడి ఎరుపుగా వచ్చి, ఆకుపచ్చ మాత్రం సరిగా ఉంటే ఎరుపు, నీలాల వరుస తారుమారైంది. మ్యాడ్‌సీటీఎల్ అనే రిజిస్టర్‌లో (హెక్స్‌లో 36) బీజీఆర్ బిట్‌ను తిప్పండి, చాలు. ఎరుపు నీలంగా, ఆకుపచ్చ ఎర్రటి గులాబీగా, నీలం ఆకుపచ్చగా వస్తే మాత్రం రెండు బైట్లు తిరగబడ్డాయి. తెర పెద్ద బైట్ ముందు రావాలంటుంది, తెరకు బొమ్మ పంపే ఈఎస్‌పీ 32 బోర్డు మెమరీలో చిన్న బైట్ ముందుంటుంది. 63488ను తిరగేస్తే 248 అవుతుంది, అది ముదురు నీలమే. ఈ రెండు జబ్బులూ పైకి ఒకేలా అనిపిస్తాయి, ఆకుపచ్చ గడి చూస్తే తేడా తెలుస్తుంది. నలుపు తెల్లగా, తెలుపు నల్లగా వస్తే ఇన్‌వర్షన్ ఆదేశం ఇవ్వండి. ఎస్‌టీ 7789 చిప్‌తో వచ్చే ఐపీఎస్ తెరల్లో ఇది చాలా మామూలు.

రంగులు సరిగ్గా ఉండి, అక్కడక్కడ పిచ్చి చుక్కలు మెరుస్తుంటే అది రంగుల సమస్య కాదు, వైర్లది. 40 మెగాహెర్ట్జ్ దగ్గర బోర్డు నుంచి తెరకు డేటా మోసే ఎస్‌పీఐ వైరు 10–15 సెంటీమీటర్లు దాటనివ్వకండి. వీలుకాకపోతే వేగం 20కి దించండి. సముద్రం ఒడ్డున నెలల తరబడి పెట్టే డిస్‌ప్లే అయితే గుచ్చే జంపర్ వైర్లు వద్దు, సోల్డర్ చేయండి. ఉప్పుగాలికి పిన్నులు పచ్చబడటం మన ఊళ్లో అందరికీ తెలిసిందే.

ఇంకొక చిట్కా. బొమ్మ కదలనిదైతే ఐఎల్ఐ 9341ను 18 బిట్ల మోడ్‌లో నడపొచ్చు. పిక్సెల్‌కు 3 బైట్లు పంపాలి, ఎరుపు, నీలాలకూ 64 మెట్లు వస్తాయి, ఆ పచ్చ–గులాబీ చారల తగాదా పోతుంది. 40 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక ఫ్రేముకు 31 మిల్లీసెకన్ల బదులు 46 పడుతుంది. ఫొటో ఫ్రేముకి అదేం లెక్క కాదు, ఆటకీ యానిమేషన్‌కీ మాత్రం లెక్కే.

ఫొటోను సిద్ధం చేసే వరుస

ముందు కత్తిరించండి. తర్వాత సరిగ్గా 240×320కి తగ్గించండి. తగ్గించాక కొంచెం షార్పెన్, కొంచెం కాంట్రాస్ట్. రంగులు తగ్గించి చుక్కలు వేసే పని (డిథరింగ్, వివరం కింద ఉంది) అన్నింటికంటే చివర. ఆ తర్వాత బొమ్మను సాగదీయకూడదు, కుదించకూడదు, తిప్పనూ కూడదు. చుక్కలు వేశాక సైజు మారిస్తే ఆ చుక్కలు కలిసిపోయి, దోమతెర మీద దోమతెర వేసినట్టు అలల గీతలు వస్తాయి. సేవ్ చేసేది పీఎన్‌జీగానే. జేపీఈజీ 8×8 గళ్లలో సన్న తేడాలను నునుపు చేసేస్తుంది, మీరు కష్టపడి వేసిన చుక్కలే దానికి మొదటి బలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపినా అంతే, డాక్యుమెంట్‌గా పంపండి.

అక్షరాలుంటే వాటిని ఫొటోతో కలిపి తగ్గించకండి. ఫొటో పని పూర్తయ్యాక, దాని మీద నిండు రంగుతో విడిగా రాయండి. చిన్న సైజులో ‘ప’కు ‘ఫ’కు తేడా ఒక చిన్న గీత. దాని పక్కన ఒక చుక్క పడిందంటే పదమే మారిపోతుంది. ఇంగ్లీషు అక్షరాలు ఈ దెబ్బను కాస్త తట్టుకుంటాయి, తలకట్లు, వట్రుసుళ్లు ఉన్న మన అక్షరాలు తట్టుకోవు.

బేయర్ పట్టిక

తెర మీద లేని రంగును, ఉన్న రెండు రంగుల చుక్కలు కలగలిపి ఉన్నట్టు చూపించడమే డిథరింగ్. పాత దినపత్రికలో ఫొటోను భూతద్దంతో చూస్తే కనిపించే కిటుకే ఇది. అన్నింటికంటే తేలిక పద్ధతి 1973లో బ్రైస్ బేయర్ ఇచ్చింది. కెమెరా సెన్సర్లలో రంగుల జాలీకి పేరిచ్చిన బేయరూ ఈయనే. 4×4 పట్టిక ఇది:

0, 8, 2, 10
12, 4, 14, 6
3, 11, 1, 9
15, 7, 13, 5

పిక్సెల్ అడ్డ స్థానాన్ని, నిలువు స్థానాన్ని 4తో భాగించి వచ్చే శేషాలతో పట్టికలో అంకె తీసుకోండి. ఎరుపుకు, నీలానికి ఆ అంకెలో సగం కలపండి. 255 దాటితే 255 దగ్గర ఆపి, 8తో భాగించి, శేషం వదిలేయండి. ఆకుపచ్చకు ఆ అంకెలో నాలుగో వంతు కలిపి 4తో భాగించండి. ఉదాహరణకు ఎరుపు 100. ఊరికే 8తో భాగిస్తే ఎప్పుడూ 12. పట్టికతో చేస్తే 16 గళ్లలో 8 గళ్లు 12గా, 8 గళ్లు 13గా వస్తాయి. సగటు 12.5, కంటికి కావలసింది అదే.

255 దగ్గర ఆపడం మరిచిపోతే తెల్లటి నురగలో నల్ల చుక్కలు వస్తాయి, ఎందుకంటే 260ని 8 బిట్లలో ఇరికిస్తే 4 అవుతుంది. ఇంకొక మెరుగు: ఆకుపచ్చకు మాత్రం పట్టిక అంకెను 15లోంచి తీసేసి వాడండి. మూడు రంగులూ ఒకే గడిలో ఒకేసారి పెరగవు కాబట్టి వెలుతురు గరుకు తగ్గి, రంగు గరుకు మిగులుతుంది. దాన్ని కన్ను అంతగా పట్టించుకోదు.

ఈ పద్ధతి గొప్పతనం ఏ పిక్సెల్ లెక్క ఆ పిక్సెల్‌దే కావడం. కదిలే బొమ్మలకు, గడియారం ముల్లు తిరిగే తెరలకు దీన్ని మించింది లేదు. లోపం: జల్లెడలాంటి గడుల నమూనా కనిపిస్తుంది. 565 తెరలో మెట్టు చిన్నది కాబట్టి అరచేయి దూరం నుంచి చూసినా దాదాపు తెలియదు. 16 రంగుల తెరలో బాగా తెలుస్తుంది.

బాకీ మోసే పద్ధతి

ఆర్టీసీ బస్సులో చిల్లర లేకపోతే కండక్టరు టికెట్ వెనక బాకీ రాసిస్తాడు, దిగే ముందు లెక్క తేలుతుంది. రాబర్ట్ ఫ్లాయిడ్, లూయిస్ స్టైన్‌బర్గ్ 1976లో ప్రచురించిన పద్ధతి కూడా ఇలాంటిదే. ఒక పిక్సెల్‌కు దగ్గరి రంగు ఇచ్చాక మిగిలిన తేడాను పారేయకుండా ఇంకా లెక్కలోకి రాని నలుగురు పొరుగువాళ్లకు పంచుతారు: కుడి పక్కకు 16లో 7 వంతులు, కింద ఎడమకు 3, సరిగ్గా కిందకు 5, కింద కుడికి 1. నలుపు తెలుపు తెర మీద విలువ 100 ఉన్న పిక్సెల్ నలుపైతే బాకీ 100. కుడికి 43.75, కింద ఎడమకు 18.75, కిందకు 31.25, చివరిదానికి 6.25.

రాసుకోవడానికి మొత్తం బొమ్మ మెమరీలో ఉండక్కర్లేదు, రెండు వరుసల బాకీ చాలు. 240 వెడల్పుకు అటొకటి ఇటొకటి అదనపు గడి పెట్టుకుని 242 × 3 రంగులు × 2 బైట్లు × 2 వరుసలు, అంటే 2,904 బైట్లు. మొత్తం బొమ్మకు ఒకే ముక్కగా 1,53,600 బైట్లు ఈఎస్‌పీ 32లో దొరకడం కష్టం, కాబట్టి వరుస తయారవగానే తెరకు పంపేయండి. ఇంకా తేలిక కావాలంటే ఈ పనంతా కంప్యూటర్‌లో పైథాన్‌తో చేసి, తయారైన బైట్లను ఫ్లాష్‌లో పెట్టండి. మారని ఫొటోను బోర్డు ఆన్ చేసిన ప్రతిసారీ లెక్కకట్టడంలో అర్థం లేదు.

తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, మొదటిది తేడా దేనితో కొలవాలన్నది. 5 బిట్ల విలువను 8తో గుణిస్తే తెలుపు 31 × 8 = 248 అవుతుంది. తెల్లటి ప్రతి పిక్సెల్‌లోనూ 7 బాకీ మిగిలి, తీరే దారి లేక పోగవుతూ, సూర్యబింబం కింద వెలుతురు గీతలా కారుతుంది. 255తో గుణించి 31తో భాగించండి; లేదా 3 స్థానాలు ఎడమకు జరిపి, ఖాళీలో పై 3 బిట్లనే మళ్లీ నింపండి. అప్పుడు 31 అంటే 255, 12 అంటే 99. రెండోది, రుణ సంఖ్యల భాగహారంలో చిల్లర పోవడం. 7, 3, 5 వంతులు లెక్కకట్టి, మిగిలినదంతా చివరి పిక్సెల్‌కు ఇచ్చేస్తే ఒక్క పైసా పోదు. మూడోది, అన్ని వరుసలూ ఎడమ నుంచే మొదలుపెట్టడం. నునుపైన చోట పురుగులు పాకినట్టు వంకర గీతలు వస్తాయి. ఒక వరుస ఎడమ నుంచి, మరుసటిది కుడి నుంచి వెళ్లండి, పంపకం దిక్కు కూడా తిప్పాలి.

కదిలే బొమ్మకు ఈ పద్ధతి వాడొద్దు. పైమూలలో ఒక పిక్సెల్ మారినా దాని బాకీ కింద దాకా పాకి, మారని ఆకాశంలో కూడా చుక్కలు చీమల్లా కదులుతాయి.

256 రంగులే ఉంటే

పాలెట్ అంటే రంగుల డబ్బా. పిక్సెల్ రంగును దాచుకోదు, డబ్బాలో గడి నంబరును దాచుకుంటుంది. 1987లో వచ్చిన వీజీఏ కార్డుల్లో 320×200 సైజులో 2,62,144 రంగుల్లోంచి ఏవైనా 256 ఎంచుకునేవారు. బొమ్మ 64,000 బైట్లలో సరిపోయేది. ఇవాళ దీన్ని వాడేది మెమరీ పొదుపుకు: 240×320 బొమ్మకు 76,800 బైట్లు, పాలెట్‌కు 512, అంటే సగం.

అందరూ చేసే పొరపాటు ముందే కట్టిన పాలెట్ వాడటం. ఎరుపుకు 3 బిట్లు, ఆకుపచ్చకు 3, నీలానికి 2 అన్న లెక్కలో నీలానికి దక్కేవి 4 మెట్లే, సముద్రం ఊరికి ఇది ఏం సరిపోతుంది? బొమ్మను చూసి పాలెట్ కట్టాలి. పాల్ హెక్‌బర్ట్ 1982లో వివరించిన మీడియన్ కట్ ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. బొమ్మలోని రంగులన్నింటినీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు కొలతలున్న పెట్టెలో వేయండి. పెట్టె ఏ వైపు పొడవుగా ఉందో ఆ వైపు రంగులను పేర్చి, పిక్సెళ్ల లెక్కన సగం దగ్గర కోయండి. మిగిలిన పెట్టెల్లో పెద్దదాన్ని మళ్లీ కోయండి. 256 పెట్టెలు అయ్యాక ఒక్కోదాని సగటే ఒక్కో రంగు.

ఫిషింగ్ హార్బర్ ఫొటో మీద దీని బలహీనత చూడొచ్చు. నీళ్లు, ఆకాశం ముప్పావు వంతు ఆక్రమిస్తాయి. మరపడవల మీది ఎర్ర పెయింటు, పసుపు గీత, చిన్న జెండాలు కలిపినా కొన్ని వందల పిక్సెళ్లే. పిక్సెళ్ల సంఖ్యను బట్టి కోస్తే వాటాలన్నీ నీళ్లకే పోయి, ఎరుపు మట్టిరంగుగా మారుతుంది. మందు: ఒక్కో రంగు లెక్కను దాని వర్గమూలానికి కుదించి కోయండి (10,000 పిక్సెళ్లున్న రంగుకు బరువు 100, 100 ఉన్నదానికి 10). దానికి తోడు నిండు నలుపు, తెలుపు, మీ అక్షరాల రంగులు కలిపి 8 గళ్లు విడిగా ఉంచి, ఫొటోకు 248 ఇవ్వండి.

జింప్ అనే ఫొటో ఎడిటర్‌లో ఇదంతా ఇమేజ్ మెనూ, మోడ్, ఇండెక్స్‌డ్ దగ్గర ఉంటుంది. ఆప్టిమమ్ పాలెట్ ఎంచుకుని 248 కొట్టండి. డిథరింగ్‌లో మామూలు ఫ్లాయిడ్–స్టైన్‌బర్గ్ కంటే కలర్ బ్లీడింగ్ తగ్గించేది చిన్న పాలెట్లకు మెరుగు. ఎందుకంటే పాలెట్‌లో లేని నిండు ఎరుపుకు బాకీ ఎప్పటికీ తీరదు, జెండా కింద ఎర్ర తోకలా సాగుతుంది. సొంతంగా రాస్తే బాకీని 64 దాటనివ్వకండి. లేదా బిల్ అట్కిన్‌సన్ దారి పట్టండి. తొలి మెకింటోష్ రోజుల్లో ఆయన ఆరుగురు పొరుగువాళ్లకు 8లో ఒక్కో వంతే ఇచ్చి, మిగతా రెండు వంతులు వదిలేశారు. నీడలు, వెలుగులు శుభ్రంగా వస్తాయి, మధ్య వివరాలు కొంత పోతాయి.

తెల్ల కాగితం మీద పెట్టి తీసిన ఏటికొప్పాక బొమ్మల ఫొటోకు 32 రంగులు చాలు. లక్క మెరుపు ఉన్న గుండ్రటి చోట మాత్రం డిథరింగ్ కావాలి, తెల్ల నేపథ్యంలో అసలు వద్దు.

నలుపు తెలుపు, ఈ-పేపర్

ఇక్కడ గామా (ఫొటోలోని సంఖ్యకూ అసలు వెలుతురుకూ మధ్య ఉన్న వంకర లెక్క) పట్టించుకోకపోతే బొమ్మ పాలిపోతుంది. ఫొటోలో 128 అంటే సగం వెలుతురు కాదు, దాదాపు 22 శాతం. సగం చుక్కలు తెలుపు, సగం నలుపు వేస్తే వచ్చేది 188తో సమానమైన బూడిద. కాబట్టి ముందు విలువలను అసలు వెలుతురులోకి మార్చి, డిథరింగ్ అక్కడ చేయండి. 565 తెరలో మెట్లు దగ్గరగా ఉంటాయి కాబట్టి ఈ శ్రమ అక్కర్లేదు.

రంగుల ఈ-పేపర్‌లో ఎరుపు 255, 0, 0 కాదు, ఇటుక రంగు. లెక్కలో నిండు ఎరుపు రాస్తే ముఖాలు బూడిద పూసినట్టు వస్తాయి. ఒక్కో సిరాను తెర నిండా వేసి, పక్కన తెల్ల కాగితం పెట్టి పగటి వెలుతురులో ఫొటో తీసి, వచ్చిన విలువలనే పాలెట్‌గా ఇవ్వండి.

మానిటర్ల గురించి ఒక్క మాట. వివరాల్లో 1.67 కోట్లకు బదులు 1.62 కోట్ల రంగులు అని ఉంటే ప్యానెల్ 6 బిట్లది, మిగతావి చుక్కలను పక్కపక్క మెట్ల మధ్య వేగంగా మార్చి తెప్పిస్తుంది. రిమోట్ డెస్క్‌టాప్‌లో మాత్రమే చారలు వస్తే డిస్‌ప్లే ట్యాబ్‌లో 16 బిట్లు ఉందేమో చూసి 32కి మార్చండి.

ఎల్‌ఈడీ బోర్డులు

దుకాణాల ముందు అక్షరాలు పరిగెత్తే ఒంటిరంగు పీ10 బోర్డులో ఒక పలకకు 32×16, అంటే 512 చుక్కలు. దాని మీద ఫొటో ఆశపడొద్దు. హబ్ 75 కనెక్టర్ ఉన్న రంగుల పలక మీద మాత్రం ఆశపడొచ్చు. కానీ ఎల్‌ఈడీ వెలుతురు నేరుగా సంఖ్యకు తగ్గట్టు పెరుగుతుంది, గామా దానికి తెలియదు. మీరు పట్టిక పెట్టి మార్చాలి. 5 బిట్లలో మారిస్తే ఫొటోలో 34, అంతకంటే తక్కువ ఉన్నవన్నీ నల్లగా ఆరిపోతాయి, వెలిగే మొదటి మెట్టే 50తో సమానం. డాల్ఫిన్స్ నోస్ నీడలో ఉన్న వివరమంతా అక్కడే మాయమవుతుంది. 8 బిట్లకు పెంచండి. పెంచే ప్రతి బిట్‌కు ఒక చుట్టు తిరిగే సమయం దాదాపు రెట్టింపవుతుంది కాబట్టి, ఫోన్ కెమెరాలో నల్ల పట్టీలు కనపడటం మొదలైన చోట ఆగండి.

రాత్రిపూట కళ్లు చెదురుతున్నాయని పిక్సెల్ విలువలను నాలుగో వంతుకు తగ్గించకండి. తగ్గిస్తే రెండు బిట్లు పోయి, ఇంత చేసి పోగొట్టిన చారలు ఆకాశంలో మళ్లీ తేలతాయి. వెలుతురు తగ్గించాల్సింది అవుట్‌పుట్ ఎనేబుల్ పిన్ దగ్గర: అది తెరిచి ఉండే సమయాన్ని నాలుగో వంతు చేస్తే మెట్లన్నీ అలాగే ఉండి, బోర్డు మాత్రమే మసకబారుతుంది.